సూరప్పగుట్ట రాళ్ళు

మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసే తాతారావు బస్సెక్కి వెళ్ళొచ్చిన తిరుమల కొండని లెక్కలోంచి తీసేస్తే, తన జీవితంలో ఎక్కిన చోట్లన్నిటిలోకీ ఎత్తయినది చించినాడ వంతెన. అదీ కారులో కూర్చుని. కొబ్బరిచెట్ల మధ్యే పుట్టి పెరిగాడు, కింద నిలబడి ఒక్క చూపు చూసి చెట్టు కాపు ఎంతో చెప్పెయ్యగలడు, కానీ ఎక్కడానికి ఎప్పుడూ వేరే మనుషులుండేవారు. అలాంటివాడు ఒక మాఘమాసం ఉదయం, రాయలసీమ చివర కర్ణాటక సరిహద్దుకి ఆనుకుని ఉన్న సూరప్పగుట్ట అడవి మొదట్లో, కాళ్ళకి కొత్త బూట్లు, మెడలో తువ్వాలు, వీపున సంచితో నిలబడి తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. ఇదంతా ఎక్కాలా అని అడిగాడు.

"ఇంకొంచెమే సామీ," అన్నాడు గైడు మునిరత్నం.

అప్పటికింకా ఎవరూ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఈ ప్రయాణం తాతారావు తలపెట్టింది కాదు. ఆయన భార్య కుమారి, ఆవిడ చెల్లెలు వీరదుర్గ కలిసి ఆలోచించి పెట్టిన పని. ఆ అక్కచెల్లెళ్ళ మొగుళ్ళు నాలుగేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

వీరదుర్గ భర్త గంగబాబు మస్కట్‌లో చాలాకాలం పడవల మీద పనిచేసి, తిరిగొచ్చి, ఉన్న పొలాన్ని రొయ్యల చెరువుగా తవ్వించాడు. ఆ చెరువు గట్టు పక్కనే తాతారావు కొబ్బరితోట. రెండేళ్ళు తిరిగేసరికి గట్టు వెంబడి వరసలో ఉన్న చెట్లు ఎర్రబడ్డాయి, కాయ పిడికిలంతై రాలడం మొదలుపెట్టింది. నీ చెరువులోంచి ఉప్పునీరు ఊరుతోందని తాతారావు అన్నాడు. కాదు, అది తెల్లదోమ, కోనసీమ మొత్తం అలాగే ఉందని గంగబాబు అన్నాడు. వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి, మట్టి చూసి, ఆకు చూసి, రెండూ అయ్యుండొచ్చని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన తన పక్షమే మాట్లాడాడని తాతారావు ఊరంతా చెప్పుకున్నాడు. గంగబాబూ అదే చెప్పుకున్నాడు.

అప్పట్నుంచీ పెళ్ళిళ్ళలో ఒకరు మొదటి బంతిలో కూర్చుంటే ఇంకొకరు చివరి బంతి దాకా ఆకలితో ఆగేవారు. ఏదైనా కబురు చెప్పాలంటే భార్యల ఫోన్ల ద్వారానే. చివరికి ఇద్దరికీ చక్కెర వ్యాధి వస్తే, ఇద్దరినీ చూసిన రాజోలు డాక్టరుగారు ఇద్దరికీ రోజూ నడవమని చెప్పారు. తాతారావు కాలవకి ఇటు గట్టు మీద, గంగబాబు అటు గట్టు మీద, ఒకే వేళకి, ఒకే దిక్కుకి నడిచేవారు. మధ్యలో నీళ్ళు. ఇద్దరి చూపులూ తిన్నగా ముందుకే.

కబుర్లు మోసి మోసి అక్కచెల్లెళ్ళకి విసుగొచ్చింది. బెంగుళూరులో ఉద్యోగం చేసే కుమారి కూతురు అనురాధ అప్పుడే ఈ సూరప్పగుట్ట సంగతి చెప్పింది. దొరల కాలంలో అక్కడ బంగారు గని ఉండేదట. అది మూతపడి, అడవి కమ్ముకుపోయిందట. ఇప్పుడు అటవీశాఖ వాళ్ళు గైడునిచ్చి ఆ దారిలో నడకకి పంపిస్తున్నారట. దారి కష్టమే గానీ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోకుండా ఎవరూ పైకి చేరలేరని అనురాధ చెప్పిన మాట వాళ్ళమ్మకి బాగా నచ్చింది.

తిరుపతి వెళ్దామని ఒక్కొక్కరు తమ తమ భర్తకి చెప్పారు. రెండో జంట వస్తున్నట్టు మాత్రం చెప్పలేదు. రాజమండ్రి స్టేషన్లో మగవాళ్ళిద్దరూ ఒకే పెట్టె ముందు ఎదురుపడ్డారు. స్వామి దర్శనానికి బయల్దేరి వెనక్కి తిరిగితే బావుండదు గనక ఇద్దరూ ఎక్కారు. ఒకరు పై బెర్తులో పడుకుంటే ఇంకొకరు తలుపు దగ్గర గాలికి నిలబడ్డారు.

దర్శనమయ్యాక గుట్ట సంగతి బయటపెట్టడానికి అక్కచెల్లెళ్ళు భయపడ్డారు. బతిమాలాల్సి వస్తుందనుకున్నారు. కానీ బంగారు గని అన్న మాట వినగానే తాతారావు సరేనన్నాడు. అటువైపు గంగబాబు కూడా సరేనన్నాడు. ఇది స్వామి దయ తప్ప వేరే కాదని కుమారి కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

స్వామికి ఇందులో ప్రమేయం లేదు. తాతారావు మధ్యాహ్నాలు కొబ్బరి రాశుల పక్కన మంచం వేసుకుని ఫోన్లో వీడియోలు చూస్తాడు. పాత బంగారు గనుల బయట పారబోసిన రాళ్ళలో ఇంకా బంగారం మిగిలే ఉందని, ఆ రోజుల్లో దాన్ని తియ్యడం చేతకాక దొరలు వదిలేసి పోయారని ఒకతను గట్టిగా చెప్పగా విన్నాడు. గంగబాబుకి మస్కట్‌లో ఒకే గదిలో ఉన్న కన్నడ స్నేహితుడు ఇదే ముక్క చెప్పాడు. ఇద్దరూ భార్యలకి కూడా చెప్పకుండా ఈ జ్ఞానాన్ని మనసులో దాచుకున్నారు.

అలా నలుగురూ మునిరత్నం వెనక నడక మొదలుపెట్టారు.

మొదట దారి మెల్లగా, వెడల్పుగా ఉంది. ఆ మాత్రానికే గట్ల మీద నడిచిన కాళ్ళు ఫిర్యాదు చెయ్యడం మొదలుపెట్టాయి. కోనసీమలో నేల ఎటు చూసినా బల్లపరుపుగా ఉంటుంది, ఎత్తంటే కాలవగట్టే. ఇక్కడ ప్రతి అడుగూ ముందటి అడుగుకంటే పైన పడాలి. ఇరుపక్కలా ముళ్ళపొదలు, మధ్యమధ్య ఎండిపోయిన వెదుళ్ళు. మునిరత్నం ఆగిన చోటల్లా దొరల కంపెనీ గురించి అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. ఇక్కడ ఇంజను ఉండేదని, ఇదిగో ఈ తుప్పుపట్టిన పట్టాల మీద తొట్టి బళ్ళు నడిచేవని, భూమిలోకి తవ్విన బావుల్లోకి మనుషుల్ని తాళ్ళతో దింపేవారని చెప్పాడు. తీసిన బంగారం కంటే తియ్యడానికయ్యే ఖర్చు ఎక్కువైపోయి మూసేశారని కూడా చెప్పాడు. ఈ చివరి మాట దగ్గర తాతారావు, గంగబాబు ఇద్దరూ వేర్వేరుగా లోపల నవ్వుకున్నారు. ఆ రోజుల్లో బంగారం ధర ఏపాటిదో ఇతనికేం తెలుసు అనుకున్నారు.

గుట్ట సగం ఎక్కాక గని బయట పారబోసిన రాళ్ళ గుట్టలు వచ్చాయి. తెల్లగా, ఎండలో మెరుస్తూ, అక్కడక్కడ పసుపుపచ్చని చారలతో. మునిరత్నం అక్కడ కూర్చుని తినమన్నాడు.

తాతారావు సంచి నిండా కుమారి సర్దిన తిండే. పులిహోర, జంతికలు, మినపసున్ని. పైగా పైఊరి నీళ్ళు పడవని ఇంటి దగ్గర్నుంచి మోసుకొచ్చిన బొండాలు. ఆయన సంచి విప్పి, ఎప్పుడూ లేనిది, అందరికీ తనే వడ్డించడం మొదలుపెట్టాడు. మునిరత్నానికి బొండాలన్నీ ఇచ్చేశాడు. తోవలో ఎదురైన బెంగుళూరు కుర్రకారుకి పిలిచి మరీ జంతికలు పంచాడు. ఇంకొంచెం దూరంలో గంగబాబు కూడా తన సంచి ఖాళీ చేస్తున్నాడు. మస్కట్ నుంచి తెచ్చుకున్న, ఎవరినీ ముట్టుకోనివ్వని ఖర్జూరాల డబ్బా మొత్తం ఆ కుర్రాళ్ళకే ఇచ్చేశాడు. సంచిలోంచి చలికోటు తీసి మునిరత్నానికి తొడిగాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మనిషి ఏమీ అనలేక తొడుక్కుని కూర్చున్నాడు.

ఇదంతా చూసి కుమారికి కళ్ళు చెమర్చాయి. అడవి మనుషుల్ని ఇంత మారుస్తుందని అనురాధ చెబితే నమ్మలేదు గానీ నిజమేనని చెల్లెలితో అంది.

తర్వాత మగవాళ్ళిద్దరూ చెరో పక్కకి, కాళ్ళు సాగదీసుకుని వస్తామని, చెరో రాళ్ళగుట్ట వెనక్కి వెళ్ళారు. వచ్చేసరికి సంచులు మళ్ళీ నిండుగా ఉన్నాయి. రాళ్ళు పెట్టుకోవడానికి చోటు కావాలి గనక తిండిని దానం చేశారని అక్కడ ఎవరికీ తట్టలేదు.

అసలు కష్టం అక్కడి నుంచే మొదలైంది. గని మీదుగా శిఖరానికి పోయే దారి నిలువుగా ఉంది. చెట్ల వేళ్ళు పట్టుకుని, అక్కడక్కడ అటవీశాఖ వాళ్ళు బండకి దిగ్గొట్టిన గొలుసు పట్టుకుని ఎక్కాలి. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. ఆడవాళ్ళు చీరకుచ్చిళ్ళు ఎగదోపుకుని, మునిరత్నం చెప్పిన చోట చెప్పినట్టు కాలు పెట్టి ఎక్కేశారు. వెనకాల మొగుళ్ళిద్దరూ ఎద్దుల్లా రొప్పుతున్నారు. మునిరత్నం జాలిపడి సంచులు తను మోస్తానన్నాడు. వద్దని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. కాసేపాగి కుమారి కూడా కిందికి దిగొచ్చి సంచి తనకిమ్మంది. ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలని తాతారావు చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో బజారు నుంచి కూరల సంచి కూడా మోసుకురాని మనిషి ఆ మాట అన్నందుకు కుమారి ఇంకోసారి కరిగిపోయింది.

గొలుసు దారి మధ్యలో తాతారావు కాలు జారింది. కింద చిన్న రాళ్ళు దొర్లి లోయలోకి పోయాయి. ఒళ్ళంతా పక్కకి ఒరిగిపోయి, ఒక చెయ్యి గొలుసు మీంచి విడిపోయింది. వెనకాల ఉన్న గంగబాబు ముందూవెనకా చూడకుండా ఆయన వీపు మీది సంచి పట్టుకుని గట్టిగా బండవైపు లాగాడు. పడవల మీద బతికిన చేతులు గనక పట్టు జారలేదు. తాతారావు బండకి అతుక్కుపోయి కళ్ళు మూసుకున్నాడు.

గంగబాబు మాత్రం సంచి వదల్లేదు. దాని బరువు చేతికి తెలిసింది. లోపల రాయి రాయి రాసుకున్న చప్పుడు చెవికి తెలిసింది. అచ్చం అలాంటి చప్పుడే తన వీపు వెనక కూడా ఇందాకట్నుంచీ వినిపిస్తోంది.

నాలుగేళ్ళ తర్వాత తోడల్లుడితో ఆయన మాట్లాడిన మొదటి మాట ఇది:

"సంచిలో ఏవుందండి అన్నయ్యగారూ?"

తాతారావు కళ్ళు తెరవకుండానే కాసేపు ఆలోచించాడు. "కొబ్బరికాయలు తమ్ముడూ," అన్నాడు.

"ఆయ్," అన్నాడు గంగబాబు. "నా దాంట్లోనూ అవేనండి."

 మిగిలిన దారంతా గంగబాబు వెనకాల ఒక చెయ్యి ఎత్తి ఉంచాడు, తాతారావు అడుగు వేసే ముందు వెనక్కి చూసి వేశాడు. పైనుంచి చూస్తున్న వీరదుర్గ అక్క చెయ్యి నొక్కింది.

శిఖరం మీద చూడ్డానికి చాలా ఉందని మునిరత్నం చెప్పాడు గానీ, పొద్దు వాలేలోగా అడవి దాటాలని అతనే తొందరపెట్టడంతో చూడ్డానికి వ్యవధి దొరకలేదు. దిగుడు దారిలో కొంత దూరం పోగానే అతను ఉన్నట్టుండి ఆగి చెయ్యెత్తాడు. వెదురు పొదల్లో ఏదో పెళపెళ విరిగింది. దారి మధ్యలో ఏనుగు లద్దె ఇంకా ఆవిరి కక్కుతోంది.

"గమ్మునుండండి సామీ. ఏనుగులుండాయి," అన్నాడు.

పక్కనే దొరల కాలపు ఇంజను షెడ్డు. కప్పు ఎప్పుడో పోయి గోడలు మిగిలాయి. ఆడవాళ్ళిద్దర్నీ ఒక గదిలోకి తోసి తలుపు దగ్గర తను నిలబడి, మగవాళ్ళని ఎదురుగోడ వెనక్కి పొమ్మని సైగ చేశాడు. తిండి వాసనకి ఏనుగులొస్తాయి, సంచులు దూరంగా విసిరెయ్యమన్నాడు. తిండేమీ లేదని ఇద్దరూ చెప్పారు. ఆ రోజంతటిలో వాళ్ళు చెప్పిన పూర్తి నిజం అదొక్కటే. మరి ఏముందని అడిగేంత వ్యవధి మునిరత్నానికి లేదు.

గోడ వెనక చోటు ఇరుకు. తోడల్లుళ్ళిద్దరూ భుజం భుజం ఒరుసుకుని, సంచులు ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. అవతల వెదుళ్ళు విరుగుతున్నాయి. కాసేపటికి గంగబాబు సంచిలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి తాతారావు చేతిలో పెట్టాడు. తెల్లటి రాయికి నడుమ పసుపుపచ్చ చార.

తాతారావు దాన్ని తిప్పి చూశాడు. కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తన సంచిలోంచి ఇంకో రాయి తీసి రెండూ ఒకదానికొకటి కొట్టి విన్నాడు. టక్కుమన్న చప్పుడు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ఎదుటి గదిలోంచి మునిరత్నం చూసిన చూపుకి ఇద్దరూ తలలు వంచేసుకున్నారు.

"నీదే బావుంది," అన్నాడు తాతారావు గొంతు తగ్గించి. "నాకు దొరికినవాటిలో చార సన్నం."

"మీ గుట్ట పక్కదేనండి నాది. కావాలంటే చెరిసగం పెట్టుకుందాం లెండి."

ఇంత ఉదారమైన మాట ఆ ఇద్దరి మధ్యా చాలాకాలంగా నడవలేదు. తాతారావు ఆ రాయిని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత, దేనికీ సంబంధం లేకుండా, ఆ గట్టు వరస చెట్ల గురించి ఎత్తాడు.

"ఆ వరస నేను వ్యాపారం పెట్టిన ఏడు వేసింది తమ్ముడూ. ఎండాకాలం కాలవ కట్టేస్తే, కుమారీ నేనూ బిందెలతో మోసి పోసేం."

"నాకు తెలుసండి," అన్నాడు గంగబాబు. "కొత్తల్లుడిగా మీ ఇంటికొచ్చినప్పుడు నేనూ మోసేను. వదినగారు వద్దంటున్నా వినలేదు. భుజం మీద చొక్కా అంతా తడిసిపోయింది."

తాతారావు ఆ సంగతి మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. సిల్కు చొక్కా వేసుకుని, బిందె మోస్తూ, గట్టు మీద నవ్వుతూ నడిచొచ్చిన సన్నటి కుర్రాడు. పక్కకి తిరిగి చూశాడు. గంగబాబు కిందికి చూస్తూ బూటుకంటిన మట్టి గోకుతున్నాడు.

"ఉప్పు దిగిందేమోనండి," అన్నాడు గంగబాబు. "నాకూ అనుమానంగానే ఉంది. పైకి అనలేకపోయేను."

"తెల్లదోమ కూడా ఉందిలే," అన్నాడు తాతారావు. "ఆకు వెనక నేనూ చూసేను."

గోడకి అవతల ఏనుగుల మంద ఒకటి దాటిపోయింది. అడవిలో ఏనుగుని కళ్ళారా చూడటం అదృష్టమని దూరాల నుంచి జనం వస్తారు. కుమారి, వీరదుర్గ కిటికీ సందులోంచి పిల్ల ఏనుగుతో సహా అన్నిట్నీ చూశారు. తోడల్లుళ్ళు మాత్రం చూడలేదు. అప్పటికి వాళ్ళిద్దరూ రాళ్ళన్నీ నేల మీద పోసుకుని, మంచివి ఒక పక్కకి, ఓ మాదిరివి ఇంకో పక్కకి ఏరుతున్నారు.

దిగుడు తేలిగ్గానే సాగింది. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తూ చెరువుల్లో మేత గురించి, కాయ రేటు గురించి, రాజోలు డాక్టరుగారి మందుల గురించి మాట్లాడుకున్నారు. ముందు నడుస్తున్న అక్కచెల్లెళ్ళు వెనక్కి తిరిగితే దిష్టి తగులుతుందేమోనని తిరగలేదు.

అడవి దాటే చోట చెక్‌పోస్టు ఉంది. అందులో ఖాకీ యూనిఫాంలో ఒకావిడ ఫోను చూసుకుంటూ కూర్చుంది. అడవిలో ప్లాస్టిక్ సీసాలు వదిలేశారేమో చూడాలి, సంచులు విప్పమని తలెత్తకుండా చెప్పింది. మగవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సీసాలేమీ లేవని తాతారావు మర్యాదగా చెప్పాడు. విప్పమని ఆవిడ ఇంకోసారి అంది.

విప్పారు.

ఆవిడ లోపలికి చూసింది. కోపం రాలేదు, నవ్వు కూడా రాలేదు. చెక్‌పోస్టు వెనక్కి వేలు చూపించి, "ఆడ పొయ్యండి," అంది.

వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడ కిటికీ కంటే ఎత్తుగా ఒక రాశి. అన్నీ తెల్లటి రాళ్ళే, అన్నిటికీ పసుపుపచ్చ చారలే. గని దగ్గర గుట్టల్లో మంచీ చెడ్డా కలిసి ఉంటాయి గానీ ఇక్కడున్నవన్నీ ఎవరో ఒకరు గంటల తరబడి ఎండలో ఏరి, ఎంచి, గొలుసు దారి మీదుగా ప్రాణాలకి తెగించి మోసుకొచ్చినవే. తాతారావు ఏరినదానికంటే లావు చారలున్నవి బోలెడున్నాయి.

వచ్చినవాళ్ళందరూ తెస్తారని మునిరత్నం చెప్పాడు. వానలకి జీపుల దారి గుంటలు పడితే ఈ రాళ్ళే పోసి సరిచేస్తారట. ఇదివరకు కంకర దూరం నుంచి తెప్పించాల్సి వచ్చేది, నడక మొదలైన దగ్గర్నుంచి ఆ అవసరం లేకుండా పోయిందన్నాడు. పొద్దున తాము జీపులో కుదుపు లేకుండా వచ్చింది ఎవరి బంగారం మీదుగానో తోడల్లుళ్ళకి అప్పుడు అర్థమైంది.

తాతారావు రాళ్ళు పోశాడు. గంగబాబు పోశాడు. గంగబాబుకి దొరికిన ఆ మంచి రాయి ఒకటి తాతారావు ఇంకా గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు. అది కూడా పడేసే ముందు, ఇంతమంది తెచ్చినవాటిలో ఒక్కదాంట్లోనైనా బంగారం ఉండి ఉండదా అని అడిగాడు.

"ఉంటే నేనీడ కూర్చోనుంటానా సార్," అంది ఆవిడ, మళ్ళీ ఫోను తీసుకుని.

కుమారి అంతా చూస్తూనే ఉంది. పంచిపెట్టిన పులిహోర, మొయ్యనివ్వని బరువు, ఎవరి బరువు వాళ్ళే అన్న మాట, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడకి అర్థమయ్యాయి. కొంగు దులుపుకుని జీపు వైపు నడిచింది. జీపు ఎక్కాక మాత్రం, ఆకలేస్తోంది, మినపసున్ని ఏమైనా మిగిలిందా అని భర్తని చాలా మెత్తగా అడిగింది. తాతారావు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

తిరుగు రైలులో మగవాళ్ళిద్దరూ ఒకే బెర్తు మీద ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూ, అలాగే నిద్రపోయారు. అప్పుడు వీరదుర్గ అక్కని దగ్గరికి రమ్మని, చేతిసంచి జిప్పు తీసి చూపించింది. జేబురుమాల్లో చుట్టిన మూడు రాళ్ళు. రాళ్ళగుట్ట దగ్గర మగవాళ్ళు కాళ్ళు సాగదీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఏరిందట. చెక్‌పోస్టు ఆవిడ ఆడవాళ్ళ చేతిసంచులు అడగలేదు.

కుమారి చెల్లెల్ని కోప్పడలేదు. పైన సామాన్లలో ఉన్న టిఫిను గిన్నె దింపి, మూత తీసి, తనవి చూపించింది. చెల్లెలి రాళ్ళకంటే పెద్దవే.

ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని, మగవాళ్ళు లేవకుండా, ఊపిరాడనంత నవ్వుకున్నారు. ఈ సంగతి బతికున్నంతకాలం ఆ ఇద్దరికీ చెప్పకూడదని ఒట్టేసుకున్నారు. తర్వాత అమలాపురంలో తెలిసిన కంసాలికి చూపిస్తే ఆయన రాయి గీకి చూసి, చేపల తొట్టెలో వేస్తే అందంగా ఉంటాయమ్మా అన్నాడు. వీరదుర్గ ఇంట్లో చేపల తొట్టె లేదు. రాళ్ళెక్కడున్నాయో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

మలికిపురంలో మాత్రం ఆ నడక కథలు కథలుగా పాకింది. తాతారావు కాలవగట్టు మీద నడిచేవాళ్ళందరికీ గొలుసు దారి గురించీ, లోయ గురించీ, ఏనుగుల మంద గురించీ, అందులో పిల్ల ఏనుగు గురించీ చెప్పేవాడు. పిల్ల ఏనుగు వర్ణన కుమారి దగ్గర విన్నది. రాళ్ళ ఊసు ఎత్తేవాడు కాదు. ఎక్కడైనా పొరపాటున మాట అటు జారబోతే పక్కన నడుస్తున్న గంగబాబు అందుకుని ఏనుగుల మీదికి తిప్పేసేవాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే గట్టు మీద నడుస్తున్నారు. వేసవిలో గట్టు స్నేహితులు ఒక జట్టుగా సూరప్పగుట్ట వెళ్ళొచ్చారు. ఎలా ఉందని అడిగితే చాలా బావుందన్నారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. తాతారావు, గంగబాబు కూడా గుచ్చి అడగలేదు.

తొలకరి పడకముందు గంగబాబు ఎవరూ అడక్కుండానే యంత్రం తెప్పించి, చెరువుకీ కొబ్బరితోటకీ మధ్య తన వైపు భూమిలోనే లోతుగా కాలవ తవ్వించాడు, ఊరిన ఉప్పునీరు పక్కకి పోయి మురుగుకాలవలో కలిసేట్టు. తాతారావు ఒక కుర్చీ వేయించుకుని తోట అంచున రోజంతా కూర్చుని చూశాడు. సాయంత్రం, కాలవ వంకరగా వచ్చిందని చెప్పాడు. మర్నాడు గంగబాబు యంత్రాన్ని మళ్ళీ పిలిపించి సరిచేయించాడు. అప్పుడు లోతు చాల్లేదన్నాడు తాతారావు. దానిమీద ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు, కానీ ఎదురెదురుగా నిలబడి, భార్యల సాయం లేకుండా వాదించుకున్నారు.

చచ్చిన చెట్లు చచ్చినట్టే ఉన్నాయి. వాటిని కొట్టించి, ఆ వరసలో తాతారావు కొత్తగా గంగబొండం మొక్కలు వేశాడు. అది కోనసీమ పొట్టి రకం, తొందరగా కాపుకొస్తుంది. గంగబాబు ఒక్కో మొక్కా చూసుకుంటూ వరస చివరిదాకా నడిచాడు. తర్వాత, నా పేరు పెట్టి వేశారా అన్నయ్యగారూ, అని అడిగాడు.

"నీ పేరేంటి తమ్ముడూ, ఆ రకం పేరే అది. మా తాతల నాటి నుంచీ అంతే," అన్నాడు తాతారావు.

గంగబాబు ఆయ్ అన్నాడు గానీ నమ్మినట్టు లేదు. మరుసటి ఎండాకాలం రోజూ పొద్దున్నే, నడక అయ్యాక, చెరువు చూసుకోవడానికి వెళ్ళే ముందు, ఆ మొక్కలకి తనే నీళ్ళు పోసేవాడు. తాతారావు రెండుసార్లు వద్దని చెప్పి, తర్వాత ఊరుకున్నాడు.